కాక్‌టెయిల్ బార్‌కు లోగో ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి నమస్కారం.

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో హోటళ్ళకూ బార్లకూ బోర్డులు, మెనూ కార్డులు, లోపలి లైట్లు చేసిపెట్టే పని మాది. పెగ్గు, సోడా, మిక్చరు పొట్లం పద్ధతి నుంచి కాక్‌టెయిల్ కౌంటర్ల వైపు మళ్ళాలని ఇప్పుడు కొందరు యజమానులు అనుకుంటున్నారు. ఫర్నిచరుకూ సీసాలకూ లక్షలు పెట్టడానికి వెనకాడని వాళ్ళు, బార్ ముఖం దగ్గరకొచ్చేసరికి ఫోన్లో ముంబై బార్ ఫోటో ఒకటి చూపించి "ఇట్టాగే దించేయండి" అంటారు. ఫ్లెక్స్ షాపులో ఒక పూటకే లోగో తయారవుతుంది. ఈశాన్య రుతుపవనం ఒక్కటి దాటేసరికి బోర్డులో సగం అక్షరాలు వెలగవు, మెనూ కార్డుల అంచులు ఉబ్బిపోతాయి. అప్పుడు మళ్ళీ ఇంకో లోగో. ఈ తిరగలి ఆగాలంటే ఏం చేయాలో మీ పత్రిక ద్వారా చెప్పాలనుకుంటున్నాం.

బార్‌ను జనం చూసేది రాత్రిపూట, మసక వెలుతురులో, తడి చేతులతో. పేరు చదివేది చాలామంది తెలుగులోనే. కాబట్టి పేరు రాసే తీరు, రంగు, కౌంటరు రాయి, మెనూ కార్డు అన్నీ ఈ సంగతులను బట్టి తేల్చుకోవాలి. ఆ తర్వాత మార్చాల్సి వస్తే చిన్న వస్తువుల నుంచి మొదలుపెట్టి బోర్డు దాకా రావాలి. మా దగ్గరకొచ్చే వాళ్ళలో ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తున్నారు.

ముందు బోర్డు. ఉదాహరణకు బార్ పేరు 'వెన్నెల' అనుకుందాం. చిన్న పేరే, కానీ బోర్డు చేసేవాడికి ఇందులో రెండు చిక్కులున్నాయి. ఎత్వం అక్షరం పైకి పోతుంది, నకారం కింద న వత్తు దిగుతుంది. అసలు అక్షరం ఎత్తు 12 అంగుళాలు పెడితే పైన 3 నుంచి 4, కింద 6 నుంచి 7 అంగుళాలు అదనంగా కావాలి. ఇంగ్లీషు పేరుకు కొలిచిన 15 అంగుళాల పట్టీలో దీన్ని ఇరికిస్తే అసలు అక్షరం సుమారు 8 అంగుళాలకు కుంచించుకుపోతుంది, వత్తు కాస్తా దారంలా మిగులుతుంది. అందుకే పట్టీ కొలత ముందు తీసుకోకూడదు. పేరు గీయించి, అది అడిగినంత పట్టీ ఇవ్వాలి. గోడ చాలకపోతే పేరే మార్చుకోవడం మేలు, ఎందుకంటే వత్తు లేని పేర్లు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి.

పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అని బోర్డు పనిలో ఒక లెక్క ఉంది. రోడ్డుకు అవతల 60 అడుగుల నుంచి చదవాలంటే 6 అంగుళాల అక్షరం చాలాలి. ఈ లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు పుట్టింది. తెలుగులో ప, ష, ఫల మధ్య తేడా ఒక్క చిన్న గీతే. ఆ గీత కనపడాలంటే అదే దూరానికి 10 నుంచి 12 అంగుళాలు పెట్టాలని మేం చెబుతాం.

ఇక వెలుగు. అక్షరాల డబ్బాల్లో పెట్టే ఎల్‌ఈడీ మాడ్యూలు, అంటే చిన్న లైటు బిళ్ళ, సుమారు 15 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. గీత మందం అంగుళంన్నర లేకపోతే దాన్ని సరిగా కూర్చోబెట్టలేం. వత్తులో అంత చోటుండదు కాబట్టి బోర్డు తయారుచేసే ఫ్యాబ్రికేటరు వత్తును లైటు లేకుండా వదిలేస్తాడు, లేదా ఒక్క మాడ్యూలు ఇరికిస్తాడు. అది ఆరిపోయిన రోజు 'వెన్నెల' కాస్తా 'వెనెల' అయి కూర్చుంటుంది. ఊళ్ళో ఇలాంటి బోర్డులు రాత్రి ఎన్ని కనిపిస్తాయో చదువరులకు తెలిసిందే. విడి అక్షరాల డబ్బాలు మానేసి, 4 మిల్లీమీటర్ల ఏసీపీ షీటులో (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలకలో) పేరును కోసి, వెనక పాల రంగు అక్రిలిక్ అతికించి, మొత్తానికి ఒకటే పెట్టెగా లైటు వేస్తే ఈ బాధ పోతుంది. వత్తుకూ అక్షరానికీ ఒకే వెలుగు వస్తుంది. సున్నా లోపలి ముక్క, ఠలో చుక్కలాంటివి కోసినప్పుడు రాలిపోతాయి. వాటిని పారేయకుండా అక్రిలిక్ మీద తిరిగి అతికించాలి, ఈ మాట ఆర్డరులోనే రాయించుకోవాలి.

పెట్టె లోతు 3 అంగుళాలకు తగ్గితే లైటు చుక్కలు చుక్కలుగా బయటికి కనిపిస్తుంది. మాడ్యూళ్ళ మధ్య దూరం పెట్టె లోతును మించకూడదు. ఒక్కోటి 1.5 వాట్ల మాడ్యూళ్ళు 40 పట్టాయనుకుంటే మొత్తం 60 వాట్లు. దానికి సరిగ్గా 60 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లైట్లకు కరెంటు మార్చి ఇచ్చే డబ్బా) తగిలించి వెళ్ళిపోతారు. నిండు బరువు మీద, గాలాడని పెట్టెలో, మన మే నెల ఎండలో అది ఎన్నాళ్ళు బతుకుతుంది? ఎస్‌ఎంపీఎస్ మీద 80 శాతానికి మించి బరువు పెట్టకూడదు. 60 వాట్లకు కనీసం 75 వాట్లది కావాలి, దొరికే సైజుల్లో 100 వాట్లది తీసుకోవాలి. దాన్ని బోర్డు వెనక కాకుండా, నిచ్చెన లేకుండా చేయి అందేచోట లోపల పెట్టించాలి.

సముద్రం మనకు దగ్గర. ఉప్పుగాలి ఇనుప ఫ్రేమును రెండేళ్ళలో పొరలు పొరలుగా తినేస్తుంది, తుప్పు నీళ్ళు గోడ మీద చారలు కడతాయి. అల్యూమినియం ఫ్రేము, స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరంలోనైతే 304 రకం స్టీలు కూడా మచ్చలు పడుతుంది, అక్కడ 316 రకమే అడగాలి. తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన ప్రతి అతుకూ పచ్చగా చిలుము పడుతుంది. వేడి చేస్తే ముడుచుకుని తీగను పట్టేసే హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి, మాడ్యూళ్ళు దుమ్ము, నీళ్ళు చొరని ఐపీ67 రకం ఉండాలి. పెట్టె అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు మూడు వేయకపోతే లోపల చేరిన వాన నీళ్ళు అక్కడే నిలుస్తాయి.

నీలం నియాన్ మోజు ఈమధ్య ఎక్కువైంది. దగ్గర నుంచి అందంగానే ఉంటుంది. దూరం నుంచి మాత్రం అలికినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే మన కన్ను నీలాన్నీ ఎరుపునూ ఒకే చోట కేంద్రీకరించలేదు. నీలం వెలుగును గోడ మీద పులిమి, పేరును 3000 కెల్విన్ల (వెలుగు రంగును కొలిచే లెక్క) వెచ్చని తెలుపులో పెడితే రెండూ దక్కుతాయి.

మొత్తం బోర్డు చేయించే ముందు ఒకే ఒక్క అక్షరం, అదీ పేరులో అన్నిటికన్నా కష్టమైనది, పూర్తి సైజులో చేయించండి. 'వెన్నెల'కైతే 'న్నె'. రాత్రి 8 గంటలకు దాన్ని అసలు గోడ మీద వేలాడదీసి రోడ్డు అవతల నుంచి చూడాలి, ఫోన్‌తో ఫోటో తీయాలి. వెలుగు ఎక్కువైతే ఫోటోలో వత్తుకూ అక్షరానికీ మధ్య సందు పూడిపోతుంది. అప్పుడు డిమ్మరు పెట్టాలా, సందు పెంచాలా అన్నది తేలుతుంది. వేల రూపాయలతో పోయే పరీక్ష ఇది. చేయకపోతే బోర్డంతా విప్పాల్సి వస్తుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. బోర్డు మీద తెలుగు ఉండాలన్న నిబంధన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం కింది నియమాల్లో ఉంది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల వెంట మద్యం దొరుకుతుందని చెప్పే బోర్డులను నిషేధించింది. 2017 జులైలో పురపాలక ప్రాంతాల్లోని లైసెన్సు షాపులకు ఆ తీర్పు అడ్డు కాదని వివరణ ఇచ్చింది. 16వ నంబరు జాతీయ రహదారి మన రెండు జిల్లాల గుండా పోతుంది కనుక స్థలం పురపాలక హద్దులో ఉందో లేదో, లైసెన్సులో పేరు ఎలా ఉందో చూసుకున్నాకే బోర్డు మాట ఎత్తాలి. 21 ఏళ్ళు నిండనివారికి మద్యం ఇవ్వమనే నోటీసు, బిల్లు మీద ఉండాల్సిన 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు కూడా అదే అక్షరాల్లో, అదే కొలతల్లో గీయించండి. కౌంటరు పక్కన సెల్లోటేపుతో అంటించిన జిరాక్సు కాగితం ఎంత ఖర్చు పెట్టిన గోడనైనా చెడగొడుతుంది.

అక్షరం ఎవరు గీయాలి అన్నది మాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ఫ్లెక్స్ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే ఎక్కువ. అచ్చుకు పనికొస్తాయి గానీ అవి యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి, కావు. అందులో కొట్టిన పేరును గూగుల్ మ్యాప్‌లోనో బిల్లింగ్ మిషన్లోనో అతికిస్తే చెత్త గుర్తులు వస్తాయి. రామభద్ర, మండలి, అనేక్ తెలుగు, బాలూ తమ్ముడు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా, వ్యాపారానికి కూడా వాడుకునే లైసెన్సుతో దొరుకుతున్నాయి. మెనూకు, బిల్లుకు అవి వాడుకోండి. డిజైన్ సాఫ్ట్‌వేర్లో దక్షిణాసియా లిపుల అమరిక ఎంచుకోకపోతే వత్తు విడిపోయి 'వెన్‌నెల' అని పడుతుంది. చూసుకోకుండా అచ్చుకు పంపితే వెయ్యి కార్డులూ వృథా.

బోర్డు మీద పేరు మాత్రం ఫాంటు కొట్టి వదిలేయవద్దని మా మనవి. గోడల మీద కుంచెతో రాసిన పెయింటర్లు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. తలకట్టు ఎంత వంచితే నిండుగా ఉంటుందో, వత్తు ఎక్కడ మొదలుపెడితే పైఅక్షరానికి తగలదో వాళ్ళ చేతికి తెలుసు. ఖాకీ కాగితం మీద పేరును అసలు సైజులో గీయించి, దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లో సరిచేయించండి. ఆ గీతలు ఇంకే బార్‌కూ ఉండవు. ఇంగ్లీషు పేరు పక్కన పెట్టేటప్పుడు ఒకే పాయింటు సైజు ఇస్తే తెలుగు చిన్నబోతుంది. ఫాంటును బట్టి 10 నుంచి 15 శాతం పెంచి, కంటితో చూసి సరి చేయాలి.

లోపలికి వద్దాం. 1908లో వియన్నాలో వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ కట్టిన అమెరికన్ బార్ 27 చదరపు మీటర్లే. తలకు పైన మాత్రమే అద్దాలు పెట్టి, పైకప్పు ఇంకా ఇంకా సాగినట్టు చూపించాడు. మనిషికి తన ముఖం అందులో కనపడదు. ఆ బార్‌ను గుర్తుపట్టించేది పేరు కన్నా ఆ పాలరాయి, మహాగని చెక్క, అద్దం. ఇవన్నీ మనమూ తెప్పించుకోవాలని కాదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు మన ప్రకాశం జిల్లా సొత్తు. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయి, దేశదేశాల కౌంటర్లకు ఎగుమతి అవుతోంది. నిమ్మరసం పడితే పాలరాయి మచ్చ పడుతుంది, ఈ గ్రానైటు ఓర్చుకుంటుంది. 20 మిల్లీమీటర్ల పలక వేసి, అంచుకు ఇంకో పట్టీ అతికించి 40 చేస్తే నిండుగా కనిపిస్తుంది. పూర్తి పాలిష్ పెడితే పైన ఉన్న ప్రతి బల్బూ రాతిలో రెండోసారి వెలిగి కంట్లో పొడుస్తుంది, కూర్చునే వైపు మెరుపు తక్కువగా, తోలులా ఉండే లెదర్ ఫినిష్ అడగండి. ఆ నలుపు, ఆ రాగి బంగారు చుక్క, ఈ రెండే మెనూకూ బోర్డుకూ రంగులుగా తీసుకుంటే వేరే రంగుల పటం అక్కర్లేదు.

అభ్రకానికి (మైకాకు) పేరుపడ్డ జిల్లా మన నెల్లూరు. అభ్రకం రేకులను లక్కతో అతికించి చేసిన లైటు తొడుగులో వెలుగు తేనె రంగులో వస్తుంది, వేడికి మాడదు. మార్కాపురం పలక ఆ రోజు స్పెషల్ రాసేందుకు బాగుంటుంది. గ్లాసు కింద పెట్టే కోస్టరుగా మాత్రం వద్దు, నీళ్ళు పీల్చదు, అడుగున కార్క్ అతికించకపోతే కౌంటరును గీస్తుంది. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ పులుపు రోజూ తగిలితే చెక్క రంగు మారుతుంది. వాటిని బిల్లు పళ్ళేనికి, నంజుకునే పల్లీల గిన్నెకు వాడుకోవచ్చు.

లైటులో జరిగే పెద్ద తప్పు ఎర్రబల్బు. గది నిండా ఎర్రని వెలుగు పోస్తే పుదీనా నల్లగా, నీలి కాక్‌టెయిల్ మురికిగా కనిపిస్తాయి. రంగు లైటు గోడల వరకే ఉంచి, కౌంటరు మీదికి 3000 కెల్విన్ల, సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే లెక్క) 90 పైన ఉన్న సన్నని స్పాట్ లైట్లు దించాలి. వంటగది తలుపు తెరిచినప్పుడల్లా తెల్ల ట్యూబులైటు బయటికి కొడుతుంటే ఎంత పని చేసినా వృథా. ఆ తలుపు లోపలి రెండు ట్యూబులను ముందు మార్చండి.

మెనూ కార్డు అదే వెలుగులో పుట్టాలి. కంప్యూటర్ తెర మీద తెల్లగా మెరిసే డిజైన్‌కు సంతకం పెట్టేయకండి. కాగితం మీద తీసి, రాత్రి అన్నిటికన్నా చీకటిగా ఉండే టేబుల్ దగ్గర యాభై దాటిన వ్యక్తి చేతికివ్వండి. ఫోన్ టార్చి వెలిగించారంటే డిజైన్ తప్పినట్టే. తెలుగు 12 పాయింట్లకు తగ్గకూడదు. వత్తులూ గుడులూ ఒకదానికొకటి తగలకుండా ఒక వరస నుంచి ఇంకో వరసకు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల దూరం ఇవ్వాలి. ఎర్ర వెలుగులో తెల్ల కాగితం మీది ఎర్ర అక్షరం మాయమవుతుంది. బంగారు ఫాయిల్ పేరుకు సరే, ధరలకు వద్దు, వంచితేనే కనిపిస్తుంది. నల్ల కార్డు కావాలంటే వెనక నేపథ్యానికి అచ్చులో వాడే నాలుగు రంగులూ కలిపిన నలుపు వాడండి. తెల్ల కార్డు మీద చిన్న అక్షరాలకు మాత్రం ఒట్టి నలుపు 100 శాతమే ఉండాలి, నాలుగూ కలిపితే అచ్చులో కాస్త జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ పడుతుంది.

తడికి ఆర్ట్ కార్డు తట్టుకోదు. మ్యాట్ లామినేషన్ చేయించినా కోసిన అంచు నుంచి నీళ్ళు ఎక్కుతాయి. చిరగని ప్లాస్టిక్ కాగితం (నాన్ టేరబుల్ షీటు) మీద వేయిస్తే తుడుచుకోవచ్చు. ధరల పట్టీ విడిగా పెట్టండి, ధర మారినప్పుడల్లా స్టిక్కరు అంటించే అవస్థ ఉండదు. కాక్‌టెయిళ్ళ ఫోటోలు వేయవద్దు. ఎండాకాలం నిమ్మకాయ ధర చుక్కలంటినప్పుడు గ్లాసు అంచున చక్రం సన్నబడుతుంది, ఫోటోకూ గ్లాసుకూ పొంతన పోతుంది. పొడుగు గ్లాసు, పొట్టి గ్లాసు, కాడ గ్లాసు అని మూడు గీతబొమ్మలు గీసి, ఏది ఎందులో వస్తుందో చూపిస్తే చాలు. పన్నెండు పద్నాలుగు పానీయాలకు మించితే ఒక పేజీలో ఊపిరాడదు.

గ్లాసు సంగతి చిన్నదైనా ఇక్కడ ఒకమాట చెప్పాలి. 1932లో కంపారి సోడా అనే ఇటలీ పానీయానికి అక్కడి చిత్రకారుడు ఫోర్తునాతో దెపేరో చేసిన శంకువు ఆకారపు సీసాకు కాగితం లేబులే లేదు, ఆకారమే పేరు చెబుతుంది. కస్టమరు ఫోన్లో తీసే ఫోటోలో మీ బోర్డు ఉండదు. గ్లాసు, దాని కింద కోస్టరు, దాని కింద రాయి, ఈ మూడే ఉంటాయి. అంటే ఊరంతా తిరిగేది ఈ మూడూనే. అయినా కోస్టరును ఆఖర్న మిగిలిన డబ్బుతో చేయిస్తారు. లామినేషన్ చేసిన ఆర్ట్ కార్డు కోస్టరు నీళ్ళు పీల్చదు, గ్లాసుకు అంటుకుని పైకి లేచి, ఒళ్ళో పడుతుంది. మన ఉక్కలో చల్లని గ్లాసు ధారగా చెమరుస్తుంది. కాబట్టి కోస్టరుకు నీళ్ళు పీల్చే 1.4 మిల్లీమీటర్ల పల్ప్ బోర్డు, 95 మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటి లేదా రెండు రంగులు చాలు. సిరా సగానికి మించి కప్పితే బోర్డు పీల్చడం మానేస్తుంది, కాబట్టి పేరు చిన్నగా వేసి చుట్టూ ఖాళీ వదలాలి. కట్టలు విప్పి స్టోరులో పడేస్తే గాలి తేమకే వంకర పోతాయి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి. సిరప్ సీసాలకు క్రోమో కాగితం స్టిక్కర్లు ఐసు నీళ్ళకు ఊడతాయి, వినైల్ వాడండి.

ఇక మార్పు. మొదటి మూడు నెలల్లో అందం జోలికి పోకుండా చదవలేనివీ, ఊడేవీ సరిచేయండి. మెనూ ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలానికీ కార్తీకం తర్వాతకూ మారవచ్చు. కోస్టరు మీద బొమ్మ ప్రతి ముద్రణకూ మారినా నష్టం లేదు. పేరు గీసిన తీరు, ఒక రంగు, కౌంటరు రాయి, ఈ మూడింటి మీద మాత్రం ఐదేళ్ళు చేయి వేయకండి. తప్పక మార్చాల్సి వస్తే పాత అక్షరం మీద పల్చని కాగితం పరిచి కొత్తది గీయించండి. తలకట్టు వంపు, వత్తు చోటు అలాగే ఉంచి గీత మందం సరిచేస్తే పాత కస్టమరు తేడా ఉందని కూడా అనుకోడు. ముందు బిల్లు, ఆ తర్వాత పాతవి అయిపోయే కొద్దీ కోస్టర్లు, మెనూ, ఆఖర్న బోర్డు. బోర్డు ముందు మార్చి లోపల పాతవే ఉంచితే వీధిలో పుట్టే మొదటి మాట "బార్ చేతులు మారిందంట". రోజూ వచ్చే నలుగురు పక్క బార్‌లో కూర్చోవడానికి ఆ మాట చాలు.

మార్పు ఇంత జాగ్రత్తగా చేయాలంటే అసలు బొమ్మ యజమాని చేతిలో ఉండాలి. చాలా బార్లకు మిగిలేది వాట్సాప్‌లో వచ్చిన జేపీజీ ఒక్కటే. పెద్దది చేస్తే అంచులు మెట్లు మెట్లుగా విరుగుతాయి, కొత్త షాపువాడు దాని మీద అంచనాతో గీస్తాడు, ప్రతిసారీ వత్తు ఒక పక్కకు జరుగుతుంది. డిజైనరుకు బాకీ డబ్బు ఇచ్చే రోజునే పేరును ఫాంటు అవసరం లేని గీతలుగా (కర్వులుగా) మార్చిన పీడీఎఫ్, అక్షరాలు మార్చుకోవడానికి వీలైన అసలు ఫైలు, రంగుల అచ్చు నంబర్లూ తెర నంబర్లూ, వినైల్ షీటు కోడు, ఫాంట్ల పేర్లు తీసుకోండి. ఫ్యాబ్రికేటరు దగ్గర మాడ్యూళ్ళ రకం, కెల్విన్ సంఖ్య, ఎస్‌ఎంపీఎస్ ఎక్కడుందో చూపే గీత తీసుకోండి. ఒక మాడ్యూలు పోతే అదే కెల్విన్‌ది వేయకపోతే ఒక్క అక్షరం పాలిపోయి నిలబడుతుంది. పాల రంగు అక్రిలిక్ ముక్క ఒక అడుగు, మాడ్యూళ్ళు ఒక పది అదే లాటువి అదనంగా కొని, కౌంటరు కింద సొరుగులో పెట్టుకోండి.

ఇట్లు,
బోర్డు పెయింటర్లు, డిజైనర్లు,
నెల్లూరు.